పేరు అక్కర్లేని కాగితం

తిరుపతి,
జూలై 14.

అష్ఫాక్ అన్నకు నమస్కారం.

నీకు ఫోన్ చేసి లాభం లేదు. ఇంజన్ల మోతలో ఇరవై ఆరేళ్లు గడిపి చెవులు పోగొట్టుకున్నావు. వాట్సాప్‌లో ఎంత రాసినా బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. అందుకని పోస్టాఫీసుకు పోయి కవర్లు కొన్నాను. కౌంటర్లో అమ్మాయి, ఇవి ఇంకా ఎవరన్నా కొంటారా అన్నట్టు చూసింది.

సంగతేమిటంటే, రిటైరైన నాలుగేళ్లకు మళ్లీ ఉద్యోగంలో చేరాను. రేణిగుంట దాటాక ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఉంది. పేరు రాయను, దానికి అంత గౌరవం ఇవ్వడం నాకిష్టం లేదు. అందులో విమానయానం అని మూడేళ్ల డిగ్రీ పెట్టారు. ‘విమాన భద్రత’ అనే సబ్జెక్టు చెప్పడానికి నిజంగా విమానాల దగ్గర పనిచేసిన మనిషి కావాలన్నారు. బెంగుళూరు హ్యాంగర్లో నేను రెక్కల కింద వెల్లకిలా పడుకుని బతికాను. నువ్వు పనిముట్ల గది కిటికీ వెనక కూర్చుని, స్క్రూడ్రైవర్ అడిగినా ముందు టోకెను పెట్టమని మమ్మల్ని ఏడిపించావు. ఆ బతుకంతా ఇప్పుడు ఇక్కడ నాలుగు క్రెడిట్లట.

ఇక్కడి వైభవం విను. మొదటి సంవత్సరం పిల్లల భుజాల మీద కూడా బంగారు చారలున్నాయి, కెప్టెన్లకున్నట్టు. ‘ఏ విమానం నడిపి సంపాదించావురా ఇవి?’ అని మూడో సంవత్సరంలో ఉన్న గిరి అనే కుర్రవాణ్ణి అడిగాను. ‘అడ్మిషన్‌తో పాటు ఇచ్చినారు సార్’ అన్నాడు. సిగ్గుపడలేదు. నేనే సిగ్గుపడ్డాను.

డీన్ ఇంతకుముందు హోటల్ మేనేజ్‌మెంటు కాలేజీ నడిపాడు. ఆయన లెక్కలో విమానమంటే రెక్కలున్న హోటలు. వాతావరణం పాఠం చెప్పే మేధావి కిటికీలు మూయించి తెర మీద మబ్బుల బొమ్మలు చూపిస్తున్నాడు. బయట నిజం మబ్బు ఉరిమితే, పాఠానికి అడ్డమని తలుపు కూడా వేయించాడు. పోయిన ఏడాది జవాబు పత్రాలు తిరగేశాను. ‘పొరపాటు అనగా నేమి?’ అన్న ప్రశ్నకు అరవై మందీ ఒకే వాక్యం రాశారు. అరవై మందికీ పూర్తి మార్కులు.

ఒక విమానం కూడా ఉంది. ఇద్దరు పట్టే పాతది, ఎగరదు. ఇంజన్ మాత్రం తిరుగుతుంది. దాని మూత విప్పి, ప్లగ్గులు తీసి, మళ్లీ బిగించి, స్టార్ట్ చేసి చూపించడం వీళ్ల ప్రాక్టికల్స్. దయానంద్ అనే డెమాన్‌స్ట్రేటర్ చేయిస్తాడు. అతను పని చేసేటప్పుడు కూడా నల్లకళ్లజోడు తీయడు. పనికన్నా ఫొటోలు ఎక్కువ.

ఈ మందకు భద్రత గురించి ఏం చెప్పాలో నాకు తోచడం లేదు. నీకేమైనా తోస్తే రాయి. వహీదున్నీసా వదినకు నా నమస్కారాలు చెప్పు.

సుబ్రమణ్యం


చిత్తూరు,
జూలై 22.

సుబ్రమణ్యానికి సలాం.

నీ ఉత్తరం మీ వదిన చదివి నవ్వింది. ‘ఈయన మారలా. యాడికి బోయినా ఈయనొక్కడే మొనగాడు, కడమోళ్లంతా దద్దమ్మలు’ అనింది. నేను కాదనలేకపోయాను. మన హ్యాంగర్లో కూడా నువ్వు చీఫ్ ఇంజనీరు దగ్గర్నుంచి టీ తెచ్చే మనిషి దాకా ఒక్కర్నీ వదల్లేదు.

పిల్లలకు ఏం చెప్పాలో తోచలేదన్నావు. నా కిటికీ పక్కన బిస్కెట్ల డబ్బా గుర్తుందా? మూతకు చీలిక పెట్టి, చిన్న తాళం వేసి ఉండేది. తప్పు చేసినవాడు కాగితం మీద మూడు సంగతులు రాసి వేసేవాడు. ఏం చేశాను, ఎందుకు చేశాను, మళ్లీ జరగకుండా ఏం చేయాలి. పేరు అక్కర్లేదు. తాళంచెవి నా మొలతాడుకు ఉండేది. మేనేజరు అడిగాడు, ఇవ్వలేదు. ఢిల్లీ నుంచి పెద్దాయన వచ్చి అడిగాడు, ఆయనకూ ఇవ్వలేదు. చదివి, అందులో పాఠం ఏముందో అది మాత్రం బోర్డు మీద రాసి, నెలాఖరుకు కాగితాలన్నీ పొయ్యిలో వేసేవాణ్ణి.

నీవి నాలుగు పడ్డాయి అందులో. చేతిరాత నాకు తెలియదా? ఇన్నేళ్లలో ఒక్కసారైనా నీ దగ్గర ఎత్తానా?

ఆ పిల్లల చేత అదే రాయించు. అదే వాళ్ల అసైన్‌మెంటు. పుస్తకం చూసి రాయడానికి ఉండదు. కానీ పేరు బయటికి రాదని నువ్వు మాట ఇవ్వాలి. ఇస్తే నిలబెట్టుకోవాలి. అది చేతకాదనిపిస్తే మొదలుపెట్టవద్దు.

అష్ఫాక్


తిరుపతి,
ఆగస్టు 19.

అష్ఫాక్ అన్నకు,

నీ మాట ప్రకారం డబ్బా పెట్టాను. మూడో సంవత్సరం క్లాసులో బల్లకు ఎదురుగా నిలబడి, ‘ఈ తాళంచెవి నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు. రాసింది నేను ఒక్కడినే చదువుతాను’ అని చెప్పాను. తెలుగులో రాయొచ్చన్నాను. పేజీ చాలన్నాను. అరవై రెండు కాగితాలు వచ్చాయి. చదివాక స్నానం చేయాలనిపించింది.

ఒకడు తన తప్పు అతిగా కష్టపడటమేనన్నాడు. అది గిరి అని వేరే చెప్పాలా, పేరు అక్కర్లేదంటే రంగు పెన్సిలుతో రాసి కింద గీత గీశాడు. ఒకమ్మాయి తల్లి మాట వినకుండా రెండో దోసె తినడాన్ని విమాన భద్రతకు ముడిపెట్టింది. పదకొండు మంది ఎక్కడో విదేశంలో జరిగిన ప్రమాదాన్ని దించి, ఆ పైలట్ తామే అయినట్టు రాశారు. వాళ్లలో ముగ్గురు చివర్లో చనిపోయారు కూడా. ఒక మహానుభావుడైతే తాను తప్పే చేయలేదని, చేస్తే తప్పకుండా రాస్తానని హామీ ఇచ్చాడు.

కానీ అన్నా, ఒక కాగితం వచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

‘జూలై ముప్పైన ముఖ్య అతిథి వచ్చిన రోజు ప్రాక్టికల్‌లో పనిముట్లు లెక్కపెట్టే బాధ్యత నాది. పనిముట్లు తగిలించే బోర్డు మీద ఒక్కోదానికి ఒక్కటిగా పదహారు బొమ్మలు గీసి ఉన్నాయి. పని అయ్యాక పదిహేనే ఉన్నాయి. చిన్న స్పానర్ లేదు. ప్రాక్టికల్ చేయించే సార్‌కు చెప్పాను. అతిథి కారు గేటు దగ్గరికి వచ్చేసింది, యాడో ఉంటాదిలే, సంతకం పెట్టు అన్నారు. పదహారు సరిపోయినట్టు సంతకం పెట్టాను. అతిథి మెడలో దండ తీయకుండానే సీట్లో కూర్చున్నారు. ఇంజన్ స్టార్ట్ చేశారు. ఆరు నిమిషాలు తిరిగింది. చుట్టూ నలభై మందిమి నిలబడి ఉన్నాము. మరుసటి రోజు పొద్దున నేను ఒక్కదాన్నే వచ్చి మూత విప్పి చూశాను. స్పానర్ సిలిండర్ల మధ్యలో ఉంది. తీసి బోర్డుకు తగిలించాను. ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చేశానంటే, అందరూ చూస్తుండగా నాకు లెక్క రాదనుకుంటారని భయపడ్డాను. మాది పులికాట్ సరస్సు లోపల దీవి. మా రేవులో పడవ ఎక్కేటప్పుడు మనుషులను లెక్కపెడతారు, దిగేటప్పుడు లెక్కపెడతారు. ఒకరు తక్కువైతే ఎవరూ ఇంటికి పోరు. అది తెలిసి కూడా నేను సంతకం పెట్టాను.

మళ్లీ జరగకుండా ఉండాలంటే, లెక్క సరిపోయే వరకు ఇంజన్ మూత వేయకూడదు. లెక్క ఇద్దరు పెట్టాలి.’

మూడుసార్లు చదివాను. ఇది లోహిత అనే పిల్ల. వెనక బెంచీలో కూర్చుంటుంది, పిలిస్తే తప్ప నోరు తెరవదు. చెన్నైలో విమానాల మరమ్మతు కంపెనీలో ఆరు నెలల శిక్షణకు ఈ క్లాసు నుంచి ఎంపికైంది ఆమె ఒక్కతే. నవంబరులో పరీక్షలు పూర్తి చేస్తే డిసెంబరులో చేరాలి. ఈ సంతలో ఒక మనిషి దొరికింది. మిగిలిన అరవై ఒక్కరినీ నిలబెట్టి ఈ కాగితం ముందు గుంజీలు తీయించాలనిపిస్తోంది.

సుబ్రమణ్యం


చిత్తూరు,
ఆగస్టు 27.

సుబ్రమణ్యానికి,

ఆ కాగితం మీ వదిన చదువుతుంటే నేను ఆమె పెదవులనే చూస్తూ కూర్చున్నాను. నా డబ్బాలో కూడా అంత శుభ్రమైన కాగితాలు ఏడాదికి రెండు మూడే పడేవి.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒకటే. దయానంద్‌ను పక్కకు పిలిచి, లెక్క ఇద్దరు పెట్టే పద్ధతి రేపటి నుంచి మొదలుపెట్టించు. ఎందుకని అడిగితే, మా హ్యాంగర్లో ఇట్లాగే చేసేవాళ్లమని చెప్పు. అబద్ధం కాదు. ఆ పిల్ల పేరు, ఊరు, స్పానర్ ఏదీ ఎత్తవద్దు. తర్వాత ఆ కాగితం చింపి పొయ్యిలో వెయ్యి. పాఠం నీకు అందింది, ఇక కాగితంతో పని లేదు.

నాకు పంపడం కూడా నాకు నచ్చలేదు. నేను చెవిటివాణ్ణి కాబట్టి సరిపోయింది.

గుంజీల మాట రాశావు. ఆ అరవై ఒక్కరు అబద్ధం ఎందుకు రాశారు? తాళంచెవి మీద నమ్మకం లేక. దానికి వాళ్లను అసహ్యించుకోవడం ఎందుకు? నిన్ను వాళ్లకు ఎన్నాళ్లుగా తెలుసు? కాస్త తగ్గు.

అష్ఫాక్


తిరుపతి,
సెప్టెంబరు 20.

అష్ఫాక్ అన్నకు,

ఈ కొంప నేను అనుకున్నదానికన్నా అన్యాయంగా ఉంది. లోహితను సస్పెండ్ చేశారు.

ఎట్లా తెలిసిందో డీన్‌కు తెలిసిపోయింది. ఇక్కడ గోడలకు చెవులేమిటి, నోళ్లు కూడా ఉన్నాయి. దయానంద్ పోయి ‘ఆ పిల్ల నా మీద, అతిథి గారి మీద నింద రాసింది’ అని ఏడ్చాడట. నల్లకళ్లజోడు పెట్టుకునే ఏడ్చి ఉంటాడు. డీన్ ఆ పిల్లను పిలిచి, కాలేజీ పరువు తీశావన్నాడు. విచారణ కమిటీ వేశాడు. అది తేలేవరకు క్లాసుకు రాకూడదు, హాల్‌టికెట్ ఇవ్వరు. హాల్‌టికెట్ లేకపోతే పరీక్షలు లేవు, పరీక్షలు లేకపోతే చెన్నై లేదు.

ఇంజన్లో ఇనుప ముక్క పెట్టి నలభై మంది ముందు తిప్పినవాడి పరువు పోలేదట. లెక్క తప్పిందని రాసిన పిల్ల వల్ల పోయిందట. వీళ్ల తలకాయలు విప్పి చూస్తే ఏం దొరుకుతుందో గానీ మెదడు మాత్రం దొరకదు.

డీన్ నన్ను కూడా పిలిచాడు. కాగితం ఇమ్మన్నాడు. ఆయన ఎదురుగానే జేబులోంచి తీసి నాలుగు ముక్కలు చేశాను. నువ్వు ఢిల్లీ పెద్దాయన ముందు నిలబడినట్టే నిలబడ్డాను. ఆయన ముఖం చూసి ఉంటే నువ్వు ఆనందించేవాడివి.

సుబ్రమణ్యం


చిత్తూరు,
సెప్టెంబరు 26.

సుబ్రమణ్యానికి,

ఎట్లా తెలిసిందో తెలియదు అన్నావు.

తాళంచెవి నీ దగ్గర. చదివినవాడివి నువ్వు ఒక్కడివి. ఆగస్టు నెలాఖరుకు పొయ్యిలో పడాల్సిన కాగితం సెప్టెంబరులో డీన్ గదికి పోయినప్పుడు నీ జేబులో ఎందుకుంది?

జవాబు రాసేటప్పుడు ఇంకెవరి గురించీ రాయవద్దు.

అష్ఫాక్


తిరుపతి,
అక్టోబరు 3.

అన్నా,

నేనే.

సెప్టెంబరు ఐదున ఉపాధ్యాయ దినోత్సవం. సెమినార్ హాల్లో అన్ని సంవత్సరాల పిల్లలు, అధ్యాపకులు అందరూ ఉన్నారు. నా ముందు మాట్లాడినవాళ్లు ఒకరినొకరు పొగుడుకున్నారు, శాలువాలు కప్పుకున్నారు. నాకు కడుపు మండింది. మైకు నా చేతికి వచ్చాక, భద్రత అంటే ఏమిటో మీలో ఒక్కరికి తెలుసు, విని సిగ్గుపడండి అని ఆ కాగితం తీసి చదివాను. పేరు లేదు కదా అనుకున్నాను. స్పానర్ సంగతి, దయానంద్ సంగతి అంతా చదివాను. పడవ వాక్యం దగ్గర గొంతు పెంచి మరీ చదివాను. బాగుందని. ఈ కాలేజీలో పులికాట్ నుంచి వచ్చిన పిల్ల ఒక్కతే ఉంది.

తలెత్తి చూసేసరికి హాలంతా వెనక్కి తిరిగి ఆమెనే చూస్తోంది. ఆమె తల వంచుకుని ఒళ్లో చేతులు చూసుకుంటోంది. నేను చప్పట్ల కోసం ఆగాను అన్నా. ఆగానని రాయడానికి చేయి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

మిగిలింది కూడా చెబుతాను. పోయిన సోమవారం ఆ పిల్ల తల్లి మునెమ్మ వచ్చింది. రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. డీన్ గది బయట బల్ల మీద పొద్దుటి నుంచి కూర్చుంది. డీన్ ఆమెకు ఒక కాగితం ఇచ్చాడు. ‘నేను రాసింది కేవలం ఊహ. అటువంటి సంఘటన జరగలేదు. క్షమించండి’ అని టైపు చేసి ఉంది. లోహిత సంతకం పెడితే అదే రోజు హాల్‌టికెట్ ఇస్తారట.

మునెమ్మ నా దగ్గరకొచ్చింది. ‘అది పెట్టనంటా ఉండాది సార్. నా మాట ఇనదు. మీరంటే దానికి గురి. ఒక్క సంతకంతో అయిపోతాది గదా, మీరు చెప్పండి సార్’ అంది. నేను లోహితను పిలిచాను. బతుకు పాడుచేసుకోవద్దు, డిగ్రీ ముఖ్యం, సంతకం పెట్టెయ్ అన్నాను. ‘స్పానర్ నేనే తీసినాను గదా సార్, నా చేతుల్తో’ అంది. నేను, లోకం ఇట్లాగే ఉంటుందమ్మా అన్నాను. ఆమె ఆలోచించుకుంటానని పోయింది. పదహారో తేదీన కమిటీ.

నేను ఇంకేం చేయగలను?

సుబ్రమణ్యం


చిత్తూరు,
అక్టోబరు 8.

సుబ్రమణ్యానికి,

ఈసారి మీ వదిన ఉత్తరం సగంలో ఆపేసింది. ‘మిగతాది నువ్వే చదువుకో’ అని చేతికిచ్చి లోపలికి పోయింది.

నీకు చప్పట్లు కావాలి. ఇరవై ఆరేళ్లు నీ పక్కన పనిచేశాను, నాకు తెలియదా? నువ్వు ఎదుటివాణ్ణి వెధవ అనేది వాడు వెధవ అని కాదు, నువ్వు కాదని అందరికీ తెలియడానికి. ఆ పిల్ల కాగితంతో కూడా అదే చేశావు. ఆమె గుండె తీసి రాసిస్తే, నువ్వు దాన్ని చేతికర్రలా పట్టుకుని అందరినీ కొట్టావు.

పోనీ, అది ఒక తప్పు. తప్పులు అందరం చేస్తాం. రెండోది తప్పు కాదు. మొదటిసారి ఆ పిల్ల చేత అబద్ధానికి సంతకం పెట్టించినవాడు దయానంద్. రెండోసారి పెట్టమన్నది నువ్వు. అతనికీ నీకూ తేడా నేను వెతికాను. దొరికింది. అతను భద్రత పాఠం చెప్పడు.

ఆ డీన్‌ను, ఆ దయానంద్‌ను చూస్తే నాకు జాలి వేస్తుంది. వాళ్లకు తెలియదు. నీకు తెలుసు. అందుకని నీ మీద జాలి రావడం లేదు.

ఏం చేయగలను అని అడిగావు. ఏం చేయాలో పిల్లలకు బల్ల దగ్గర నిలబడి చెప్పావు. పదహారున చేయాల్సింది చేశాకే నాకు రాయి. అంతవరకు రాయవద్దు.

అష్ఫాక్


తిరుపతి,
అక్టోబరు 18.

అష్ఫాక్ అన్నకు,

పదహారున పోయాను. నన్ను పిలవలేదు, నేనే పోయాను. డీన్, రిజిస్ట్రారు, బయటి నుంచి ఒక మెంబరు. బయటి మనిషి ఉండాలని వాళ్ల రూలు. జెస్సీ అని, ఎయిర్‌పోర్టులో భద్రతాధికారిగా చేసి రిటైరైన ఆవిడ. డీన్ ఆమెను టీ తాగి సంతకం పెట్టి పోయే మనిషనుకున్నాడు.

ఒక మూల లోహిత, ఆమె పక్కన మునెమ్మ. టైపు చేసిన కాగితం బల్ల మీద ఉంది, దాని మీద కలం కూడా సిద్ధంగా పెట్టారు. నేను నా కాగితం దాని పక్కన పెట్టాను. అడిగితే చదివాను.

‘నేను ఏం చేశానంటే, పేరు బయటికి రాదని విద్యార్థులకు మాట ఇచ్చి, ఒక విద్యార్థి రిపోర్టును అందరి ముందు చదివాను. ఆ తర్వాత అదే విద్యార్థిని, జరిగినది జరగలేదని సంతకం పెట్టమన్నాను. ఎందుకు చేశానంటే, మొదటిది గొప్పకోసం, రెండోది నా తప్పు త్వరగా మాసిపోవాలని. మళ్లీ జరగకుండా ఉండాలంటే, డబ్బా తాళంచెవి నా దగ్గర ఉండకూడదు.’ కింద నా పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాను.

డీన్ నవ్వాడు. ‘సార్ కొంచెం ఎమోషనల్ మనిషి’ అని జెస్సీ గారితో అన్నాడు. ఆమె ఆయనవైపు చూడనే లేదు. మూలకు తిరిగి, ‘స్పానర్ యాడ దొరికిందమ్మా?’ అని అడిగారు.

లోహిత లేచింది. ‘రెండో సిలిండరుకూ మూడో సిలిండరుకూ నడాన మేడం. వెనకపక్క. ఇరుక్కోని ఉన్నింది. రెండు వేళ్లు పెట్టి తీసినాను.’

‘ఈ కాగితంలో అట్లాంటిదేమీ జరగలేదని ఉండాదే. సంతకం పెడతావా?’

‘పెట్టను మేడం. ఒకసారి పెట్టి చూసినాను గదా. నిద్ర పట్టలా.’

మునెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతుర్ని ఆపలేదు.

జెస్సీ గారు విమానం చూపించమన్నారు. అందరం ఎండలో ఆ షెడ్డుకు పోయాము. బోర్డు ముందు నిలబడి ఆవిడ తానే లెక్కపెట్టారు. ఆ రోజు పద్నాలుగే ఉన్నాయి. దయానంద్‌ను పిలిస్తే, మిగతా రెండూ యాడో ఉంటాయి మేడం అన్నాడు. ఇంజన్ మూత విప్పించారు. అందులో లేవు. ఒకటి అతని మోటారుసైకిల్ డిక్కీలో దొరికింది. రెండోది ఇంతవరకు దొరకలేదు. అది దొరికే వరకు ఇంజన్ తిప్పకూడదని, ఆ అమ్మాయికి హాల్‌టికెట్ ఆ రోజే ఇవ్వాలని రాసి సంతకం పెట్టారు. లేకపోతే ఎవరికి రాయాలో తనకు తెలుసునన్నారు. డీన్ ముఖం ఇస్త్రీ చేసినట్టు చదునైపోయింది.

హాల్‌టికెట్ ఇచ్చారు. నన్ను మాత్రం సోమవారం నుంచి రావద్దన్నారు. మర్నాడే గేటు దగ్గర ‘భద్రతే మా ఊపిరి’ అని పెద్ద ఫ్లెక్సీ కట్టారు. డీన్ ఫొటో విమానం కంటే పెద్దది. దయానంద్ ఆ ఫ్లెక్సీ ముందు సెల్ఫీ దిగాడు. ఇద్దరు లెక్కపెట్టాలన్న రూలు ఇప్పుడు వాళ్ల పుస్తకంలో ఉంది, డీన్ గారి ఆలోచన అని రాసి ఉంది. ఏమైనా కానీ, ఉంది.

ఇల్లు ఖాళీ చేసే పని లేదు. నా పుస్తకాలు తెచ్చుకున్నాను. డబ్బా తాళంచెవి లోహితకు ఇద్దామనుకున్నాను గానీ కుదరలేదు, అక్కడే నా బల్ల సొరుగులో వదిలి వచ్చాను.

సుబ్రమణ్యం


చిత్తూరు,
అక్టోబరు 25.

సుబ్రమణ్యానికి సలాం.

మీ వదిన ఈసారి ఉత్తరం చివరిదాకా చదివింది. మధ్యలో ఒకచోట ఆగి కళ్లు తుడుచుకుంది. ఎక్కడో చెప్పను.

కమిటీ ముందు నువ్వు చేసింది బాగుంది. ఉద్యోగం పోయినందుకు బాధపడవద్దు. దానిమీద నీకు గౌరవం ఎప్పుడూ లేదు.

మూడు పేజీలు రాశావు. డీన్ ముఖం ఎట్లా మారిందో రాశావు, ఫ్లెక్సీ సైజు రాశావు, మోటారుసైకిల్ డిక్కీ కూడా వదల్లేదు. ఆ పిల్లతో నువ్వు ఒక్క మాట మాట్లాడినట్టు ఎక్కడా లేదు. కమిటీకి రిపోర్టు ఇచ్చావు సరే. ఆమెకు ఏం చెప్పావు?

అష్ఫాక్


తిరుపతి,
నవంబరు 22.

అష్ఫాక్ అన్నకు,

చెప్పలేదు. నీ ఉత్తరం వచ్చాక కూడా మూడు వారాలు చెప్పలేదు. ఆమె పరీక్షలు అవనీ అని నాకు నేనే సాకు చెప్పుకున్నాను.

నిన్న ఆఖరి పరీక్ష. నన్ను లోపలికి రానివ్వరు కాబట్టి గేటు బయట టీ బంకు దగ్గర నిలబడ్డాను. గిరి కనిపించి దగ్గరకొచ్చాడు. నన్ను చూసి తప్పించుకుపోతాడనుకున్నాను. ‘సార్, ఆ పొద్దు రాసింది ఉత్తిదే సార్. ఈసారి నిజంగా రాసినాను, డబ్బాలో ఏసినాను. తాళం యెవురి దగ్గరుండాదో తెలీదు’ అన్నాడు. వాడి భుజాల మీద చారలు లేవు. ఎందుకు తీసేశావని నేను అడగలేదు. ఆ కుర్రవాణ్ణి నేను ఒక్కరోజు కూడా సరిగ్గా చూడలేదు అన్నా.

తర్వాత లోహిత వచ్చింది. చేతిలో అట్ట, హాల్‌టికెట్ ఉన్నాయి. సూళ్లూరుపేట బస్సు కోసం నిలబడింది. దగ్గరికి పోయాను. నేను మాట తప్పాను, ఆ తర్వాత నిన్ను తప్పు చేయమన్నాను, రెండింటికీ నన్ను క్షమించమ్మా అన్నాను. ఇంట్లో ఎన్నిసార్లు అనుకుని పోయానో, అక్కడ రెండు వాక్యాల్లో అయిపోయింది.

పరవాలేదు సార్ అంటుందనుకున్నాను. మనవైపు ఎవరైనా అనే మాటే కదా. ఆమె అనలేదు. నేను చెప్పింది నిలబడి పూర్తిగా వింది. ‘సరే సార్’ అంది.

ఆమె ముఖంలో నా మీద తిరస్కారం ఉంటుందేమోనని వెతికాను. ఉంటే భరించడానికి సిద్ధపడే పోయాను, నేను నలభై ఏళ్లుగా అందరికీ పంచింది అదే కదా. లేదు. ఎదుటి మనిషిని చూసినట్టు మర్యాదగా చూసింది, అంతే. మూడు నెలల క్రితం ఈ పిల్లే, ఇంట్లో తల్లికి కూడా చెప్పనిది నాకు పేజీ నిండా రాసింది.

బస్సు వచ్చింది. ఏదో ఒకటి మాట్లాడాలని, పరీక్ష ఎట్లా రాశావమ్మా అని అడిగాను.

‘రాసినాను సార్’ అని బస్సెక్కింది.

సుబ్రమణ్యం